ముందు ప్రోటాన్ సంగతి తేల్చండి: ఆర్గానిక్, ఆమ్ల-క్షార ప్రశ్నలు చేసే పద్ధతి

కెమిస్ట్రీ పేపర్లో పీహెచ్ లెక్క ఒక చోట, ఆర్గానిక్ ప్రశ్న ఇంకో చోట కనిపిస్తాయి కాబట్టి ఆ రెండింటికీ సంబంధమే లేదన్నట్టు విడివిడిగా చదివేస్తుంటాం. ఒకటి లెక్కలట, ఇంకోటి బట్టీయట. చిక్కంతా అక్కడే మొదలవుతుందని నా గట్టి నమ్మకం. ఎందుకంటే రెండింట్లోనూ ముందుగా వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ ఫ్లాస్కులో ఉన్నవాటిలో ప్రోటాన్ (అంటే హైడ్రోజన్ అయాన్, H⁺) ఇచ్చేది ఏది, పుచ్చుకునేది ఏది, ఆ ఇచ్చిపుచ్చుకోవడం అయిపోయాక అసలు మిగిలిందేమిటి?

ఆక్సిజన్, నైట్రోజన్ మీదున్న ప్రోటాన్ చేతులు మారడం మామూలుగా చాలా వేగంగా జరిగిపోతుంది. కార్బన్ దగ్గర బంధాలు తెగడం, కొత్తవి ఏర్పడటం దాని ముందు చాలా నెమ్మది. అందుకే ప్రశ్నలో ఇచ్చిన పదార్థాలు చూసి నేరుగా ఫార్ములాకో, పేరున్న రియాక్షన్‌కో దూకేస్తే, ఫ్లాస్కులో అప్పటికే లేని పదార్థంతో లెక్క చేస్తున్నట్టవుతుంది. ప్రశ్న తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తప్పు ఆప్షన్లలో ఒకటి ఎప్పుడూ ఆ తొందరకు తగ్గట్టే పెడతారు.

గుర్తుండాల్సిన అంకెలు

పీకేఏ అంటే ఆమ్లం ఎంత బలమైనదో చెప్పే అంకె. దాని పట్టిక మొత్తం అక్కర్లేదు, పట్టుమని పది అంకెలు నోటికి వస్తే చాలు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు −7. కార్బాక్సిలిక్ ఆమ్లాలు 4 నుంచి 5. కార్బానిక్ ఆమ్లం 6.4, అమ్మోనియం అయాన్ 9.2, ఫినాల్ 10. నీరు 15.7 (కొన్ని పుస్తకాల్లో 14 అని ఉంటుంది, పోల్చడం వరకు ఏది తీసుకున్నా పెద్ద తేడా రాదు), ఇథనాల్ 16. అసిటోన్‌లో కార్బొనిల్ పక్కనున్న హైడ్రోజన్ 19-20, ఎసిటిలీన్ 25, అమ్మోనియా 38 దగ్గర, మామూలు ఆల్కేన్లు 50 దగ్గర. అంకె ఎంత చిన్నదైతే ఆమ్లం అంత బలమైనది.

వీటిని వాడే తీరు కూడా ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఎడమవైపున్న ఆమ్లం పీకేఏ ఒకటి, ప్రోటాన్ మారాక కుడివైపు కొత్తగా తయారయ్యే ఆమ్లం పీకేఏ ఇంకొకటి, కుడిదాంట్లోంచి ఎడమది తీసేయండి, వచ్చిన తేడాను 10 మీద ఘాతంగా వేస్తే అదే సమతాస్థితి స్థిరాంకం.

ఇప్పుడు పరీక్షల్లో పదే పదే వచ్చే ప్రశ్న తీసుకుందాం: సోడియం బైకార్బొనేట్‌తో అసిటిక్ ఆమ్లం బుసబుసమని పొంగుతుంది, ఫినాల్ పొంగదు, ఎందుకు? బైకార్బొనేట్ ప్రోటాన్ పుచ్చుకుంటే వచ్చేది కార్బానిక్ ఆమ్లం, 6.4. అసిటిక్ ఆమ్లం 4.8 కాబట్టి తేడా 1.6, స్థిరాంకం సుమారు 40, పైగా కార్బన్ డయాక్సైడ్ వాయువుగా బయటకు పోతూ ఉంటుంది కాబట్టి చర్య ముందుకే లాగబడుతుంది. ఫినాల్‌కు లెక్క కడితే 6.4 − 10 = −3.6, అంటే స్థిరాంకం నాలుగు వేలలో ఒక వంతు. చర్య జరగదనే చెప్పాలి. మరి పిక్రిక్ ఆమ్లం, అదే మూడు నైట్రో గ్రూపులున్న ఫినాల్? దాని పీకేఏ 0.4 దగ్గర ఉంటుంది, కాబట్టి శుభ్రంగా పొంగుతుంది. పేరులో ఫినాల్ ఉందా, కార్బాక్సిలిక్ ఉందా అన్నది కాదు, అంకె ఎక్కడుందన్నదే ముఖ్యం.

ఇదే అంకెలతో మిశ్రమాన్ని విడదీసే ప్రశ్న కూడా అయిపోతుంది. ఈథర్‌లో బెంజోయిక్ ఆమ్లం, ఫినాల్, అనిలిన్, నాఫ్తలీన్ కలిసి ఉన్నాయనుకోండి. ముందు బైకార్బొనేట్ ద్రావణంతో కడిగితే బెంజోయిక్ ఆమ్లం ఒక్కటే లవణమై నీళ్లలోకి దిగుతుంది, తర్వాత సోడియం హైడ్రాక్సైడ్‌తో ఫినాల్, ఆ తర్వాత సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో అనిలిన్ దిగుతాయి, నాఫ్తలీన్ ఈథర్‌లోనే ఉండిపోతుంది. వరస మార్చి సోడియం హైడ్రాక్సైడ్ ముందు పోస్తే మొదటి రెండూ కలిసి దిగిపోతాయి. ప్రశ్నలో మెలిక ఎప్పుడూ ఆ వరసలోనే ఉంటుంది.

పీహెచ్ లెక్క: ముందు మిల్లీమోల్స్, ఆ తర్వాతే ఫార్ములా

50 మిల్లీలీటర్ల 0.1 మోలార్ అసిటిక్ ఆమ్లం ఉంది, కేఏ (ఆమ్లం విడిపోయే చర్య స్థిరాంకం, దాని లాగ్‌కు మైనస్ పెడితే పీకేఏ) 1.8×10⁻⁵. దాంట్లో 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్ కొంచెం కొంచెంగా పోస్తున్నాం. ఈ ఒక్క టైట్రేషన్‌ను ఐదు చోట్ల ఆగి చేయగలిగితే ఈ చాప్టర్లో చాలా భాగం మీ చేతికి వచ్చినట్టే.

క్షారం ఒక్క చుక్క కూడా పోయకముందు ఉన్నది బలహీన ఆమ్లం ఒక్కటే. కేఏని గాఢతతో గుణించి వర్గమూలం తీస్తే 1.34×10⁻³, పీహెచ్ 2.87.

20 మిల్లీలీటర్లు పోశాక? ఇక్కడే చాలామంది పెన్ను పట్టుకుని ఏ ఫార్ములా అని ఆగిపోతారు. ఫార్ములా సంగతి తర్వాత చూద్దాం, ముందు మిల్లీమోల్స్ రాయండి. ఆమ్లం 50 × 0.1 = 5, హైడ్రాక్సైడ్ 20 × 0.1 = 2. హైడ్రాక్సైడ్ బలమైన క్షారం, ఎదురుగా ఆమ్లం ఉన్నంతవరకు అది మిగలదు. కాబట్టి చర్య అయ్యాక ఆమ్లం 3, అసిటేట్ 2, హైడ్రాక్సైడ్ సున్నా. మిగిలిందేమిటో చూడండి, బలహీన ఆమ్లం, దాని కాంజుగేట్ క్షారం (ఆమ్లం ప్రోటాన్ ఇచ్చేశాక మిగిలేది), అంటే బఫర్. బఫర్ అని ప్రశ్నలో ఎక్కడా రాయలేదు, మీ పట్టికే చెప్పింది. పీహెచ్ = పీకేఏ + లాగ్ (క్షారం/ఆమ్లం) = 4.74 + లాగ్ (2/3) = 4.74 − 0.18 = 4.56. ఘనపరిమాణం 70 మిల్లీలీటర్లు అయింది కదా, దాంతో భాగించాలా అని అనుమానం వస్తుంది. అక్కర్లేదు, నిష్పత్తిలో పైనా కిందా ఉన్నది అదే కాబట్టి కొట్టుకుపోతుంది. ఈ వెసులుబాటు బఫర్‌కు మాత్రమే సుమా.

25 మిల్లీలీటర్ల దగ్గర ఆమ్లం 2.5, అసిటేట్ 2.5, లాగ్ 1 సున్నా, పీహెచ్ నేరుగా 4.74.

50 మిల్లీలీటర్ల దగ్గర ఆమ్లం సున్నా, హైడ్రాక్సైడ్ సున్నా, అసిటేట్ 5 మిల్లీమోల్స్. బఫర్ ఫార్ములా వాడటానికి ఇక వీల్లేదు, ఎందుకంటే ఒకవైపు సున్నా. ఇప్పుడు ఫ్లాస్కులో ఉన్నది బలహీన క్షారం. మొత్తం 100 మిల్లీలీటర్లలో 5 మిల్లీమోల్స్ అంటే 0.05 మోలార్, 0.1 కాదు. ఈ చాప్టర్లో ఎక్కువ మార్కులు పోయే చోటు ఏదంటే నేను ఇదే చూపిస్తాను: ఘనపరిమాణం రెట్టింపైన సంగతి మర్చిపోవడం. కేబీ (క్షారానికి కేఏ లాంటిది) = 10⁻¹⁴ ÷ 1.8×10⁻⁵ = 5.6×10⁻¹⁰, హైడ్రాక్సైడ్ గాఢత 5.3×10⁻⁶, పీఓహెచ్ (హైడ్రాక్సైడ్‌కు పీహెచ్ లాంటిది) 5.28, 14లోంచి తీసేస్తే పీహెచ్ 8.72.

60 మిల్లీలీటర్లు పోస్తే ఒక మిల్లీమోల్ హైడ్రాక్సైడ్ మిగిలిపోతుంది, 110 మిల్లీలీటర్లలో. అసిటేట్ ఉన్నా దాన్ని పట్టించుకోవద్దు, బలమైన క్షారం ఉన్నచోట బలహీన క్షారం వాటా లెక్కలోకి రాదు. పీఓహెచ్ 2.04, పీహెచ్ 11.96.

ఐదు చోట్లా ఫార్ములాలు మారాయి కానీ మొదటి వరస మారలేదు గమనించండి. అమ్మోనియాలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినా ఇదే, లవణానికి బలమైన ఆమ్లం కలిపినా ఇదే. చర్యకు ముందు ఎంత, చర్య తర్వాత ఎంత అని మూడు గళ్లు గీయడానికి అర నిమిషం పడుతుంది, ఆ అర నిమిషం మిగుల్చుకుందామని చూడకండి.

వర్గమూలం షార్ట్‌కట్ ఎప్పుడు పనిచేయదో కూడా తెలిసి ఉండాలి. 0.1 మోలార్ దగ్గర అసిటిక్ ఆమ్లం 1.3 శాతమే విడిపోతుంది, 5 శాతం లోపు కాబట్టి ఇబ్బంది లేదు. అదే 0.001 మోలార్ తీసుకుంటే షార్ట్‌కట్‌తో 13 శాతం పైనే వస్తుంది, అంటే వర్గ సమీకరణం వేయాల్సిందే. వేస్తే పీహెచ్ 3.90, వేయకపోతే 3.87. ఆప్షన్లు దూరం దూరంగా ఉంటే షార్ట్‌కట్ జవాబు కూడా గట్టెక్కిస్తుంది, దగ్గర దగ్గరగా ఉంటే మాత్రం ఆప్షన్లు పెట్టినవాళ్లు ఈ తేడానే అడుగుతున్నారని అర్థం చేసుకోండి.

ఇక 10⁻⁸ మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే 8 అని రాయకూడదని అందరికీ తెలుసు, కానీ 7 అని రాసి వదిలేస్తుంటారు. నీరు ఇచ్చే ప్రోటాన్లు కూడా కలుపుకోవాలి, అప్పుడు మొత్తం 1.05×10⁻⁷, పీహెచ్ 6.98. ఆమ్లం ఎంత పలచగా ఉన్నా నీళ్లలో కలిపితే 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 దాటి పైకి పోదు.

కాల్‌క్యులేటర్ లేని పరీక్షకు లాగ్ విలువలు నాలుగు చాలు: 2కి 0.30, 3కి 0.48, 5కి 0.70, 7కి 0.85. 1.8×10⁻⁵ని 18×10⁻⁶ అని రాసుకుంటే 18 అంటే 2 × 3 × 3, లాగ్ 1.26, 6లోంచి తీసేస్తే 4.74. సోడియం బైకార్బొనేట్ ఒక్కటే ఉన్న ద్రావణానికి రెండు పీకేఏల సగటు, 6.35, 10.33 కలిపి సగం చేస్తే 8.34, మరీ పలచన కానంతవరకు గాఢతతో పనిలేదు.

ఏది బలమైన ఆమ్లం: ప్రోటాన్ పోయాక మిగిలినదాన్ని చూడండి

ఆమ్లాల బలం వరసలో పెట్టమన్నప్పుడు ఆమ్లం బొమ్మను తదేకంగా చూస్తూ కూర్చుంటే ఏమీ తేలదు. ప్రోటాన్ తీసేసి, ఆ రుణావేశాన్ని పక్కన గీయండి. అది ఎంత నిమ్మళంగా ఉండగలదో దాన్నిబట్టే బలం. ముందు ఆవేశం ఏ పరమాణువు మీదుంది, తర్వాత రెజొనెన్స్‌తో (ఆవేశం ఒకే పరమాణువు దగ్గర కాక పలుచోట్ల పరుచుకోవడం) పంచుకోగలదా, తర్వాత పక్కన ఎలక్ట్రాన్లను లాగే గ్రూపులేమైనా ఉన్నాయా, ఆఖరున ఆవేశం ఎస్‌పీ, ఎస్‌పీ2, ఎస్‌పీ3లలో ఏ ఆర్బిటాల్‌లో ఉంది. మామూలుగా ఈ వరస పనిచేస్తుంది, కానీ గుడ్డిగా నమ్మొద్దు. నైట్రోజన్ కంటే కార్బన్ మీద ఆవేశం కష్టం కదా, అయినా ఎసిటిలీన్ 25, అమ్మోనియా 38. అక్కడ ఎస్‌పీ ఆర్బిటాల్ పైచేయి సాధించింది. సోడమైడ్ ఎసిటిలీన్ ప్రోటాన్ లాగేయగలగడం, సోడియం హైడ్రాక్సైడ్ లాగలేకపోవడం ఇందుకే.

ఇథనాల్ 16, ఫినాల్ 10, అసిటిక్ ఆమ్లం 4.76, క్లోరో అసిటిక్ ఆమ్లం 2.86. మొదటి మూడింట్లోనూ ఆవేశం ఆక్సిజన్ మీదే, తేడా అంతా రెజొనెన్స్‌ది. ఫినాక్సైడ్ ఆవేశాన్ని రింగులోని కార్బన్లతో పంచుకుంటుంది, అసిటేట్ మాత్రం రెండు ఆక్సిజన్ల మధ్య సమానంగా పంచుకుంటుంది. రెజొనెన్స్ రూపాల సంఖ్య లెక్కపెట్టి ఫినాక్సైడ్‌కే ఎక్కువ ఉన్నాయి కదా అనుకుంటే బోల్తా పడతారు, ఆవేశం ఎవరి దగ్గరికి వెళ్తోందన్నదే చూడాలి.

శాలిసిలిక్ ఆమ్లం పీకేఏ 3 దగ్గర ఉంటే, అదే హైడ్రాక్సిల్ గ్రూపు పారా స్థానానికి పోగానే 4.6 అవుతుంది. ఆర్థోలో ఉన్నప్పుడు ఆ హైడ్రాక్సిల్ పక్కనే ఉన్న కార్బాక్సిలేట్‌ను హైడ్రోజన్ బంధంతో పట్టి ఉంచుతుంది. ఇదీ ప్రోటాన్ పోయాక గీస్తేనే కనిపిస్తుంది.

అమీన్ల విషయంలో మాత్రం కొంత గుర్తుపెట్టుకోక తప్పదు. నీళ్లలో మిథైల్ అమీన్లకు రెండు గ్రూపులున్నది, తర్వాత ఒకటున్నది, తర్వాత మూడున్నది, చివర అమ్మోనియా. ఇథైల్ అయితే రెండు, మూడు, ఒకటి, అమ్మోనియా. వాయు స్థితిలో అడిగితే నీళ్ల ప్రమేయం లేదు కాబట్టి మూడు, రెండు, ఒకటి, అమ్మోనియా. ప్రశ్నలో నీళ్లలోనా, వాయు స్థితిలోనా అన్న మాట కింద గీత గీసుకోండి.

ఆర్గానిక్‌లోనూ అదే ప్రశ్న

ఒక చివర కీటోన్, ఇంకో చివర ఆల్కహాల్ ఉన్న అణువుకు ఒక మోల్ మిథైల్ మెగ్నీషియం బ్రోమైడ్ (ఇది గ్రిగ్నార్డ్ రియేజెంట్) ఇచ్చారు. గ్రిగ్నార్డ్, కీటోన్ పక్కపక్కన కనబడగానే టెర్షియరీ ఆల్కహాల్ అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఆగండి. గ్రిగ్నార్డ్‌లోని మిథైల్ ప్రోటాన్ పుచ్చుకుంటే మీథేన్ అవుతుంది, 50 దగ్గర. ఆల్కహాల్ 16. స్థిరాంకం 10 మీద 34. ఇచ్చిన ఒక్క మోల్ రియేజెంట్ మీథేన్‌గా ఎగిరిపోతుంది, కీటోన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ప్రశ్నలో "ఒక మోల్" అని ఊరికే రాయరు.

అనిలిన్‌ను నేరుగా నైట్రేషన్ చేస్తే మెటా ప్రొడక్ట్ దాదాపు 47 శాతం వస్తుంది. అమీన్ గ్రూపు ఆర్థో, పారాలకు పంపాలి కదా? పంపుతుంది, అది అమీన్‌గా ఉంటే. గాఢ సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాల మధ్య అది ప్రోటాన్ పుచ్చుకుని అనిలీనియం అయిపోయింది, ఆ ధనావేశం ఉన్న గ్రూపు మెటాకు పంపుతుంది. అందుకే పారా కావాలంటే ముందు ఎసిటైల్ గ్రూపుతో నైట్రోజన్‌ను కప్పి, నైట్రేషన్ అయ్యాక విప్పుతారు.

ఆల్కహాల్ నుంచి బ్రోమైడ్ చేయడానికి సోడియం బ్రోమైడ్ చాలదు, హైడ్రోబ్రోమిక్ ఆమ్లం కావాలి. హైడ్రాక్సైడ్ తనంతట తాను వదిలిపోదు, ప్రోటాన్ తగిలితే నీరుగా హాయిగా పోతుంది. వదిలిపోయే గ్రూపు మంచిదా కాదా అన్నది కూడా పీకేఏ ప్రశ్నే: దాని కాంజుగేట్ ఆమ్లం ఎంత బలమైనదైతే అది అంత తేలిగ్గా పోతుంది. 3-మిథైల్-2-బ్యూటనాల్‌కు హైడ్రోబ్రోమిక్ ఆమ్లం ఇస్తే నీరు పోయాక వచ్చేది సెకండరీ కార్బోకాటయాన్, పక్క కార్బన్ మీద హైడ్రోజన్ ఉంది, అది జరిగితే టెర్షియరీ అవుతుంది, జరుగుతుంది, కాబట్టి జవాబు 2-బ్రోమో-2-మిథైల్ బ్యూటేన్. కార్బోకాటయాన్ వచ్చిన ప్రతిసారీ పక్క కార్బన్ వైపు ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి.

టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌కు సోడియం ఇథాక్సైడ్ ఇచ్చి ఈథర్ అడిగితే ఈథర్ రాదు. ఇథాక్సైడ్ బలమైన క్షారం, కార్బన్ దగ్గరికి దారి మూసుకుపోయి ఉంది, ప్రోటాన్ మాత్రం అందుబాటులో ఉంది, కాబట్టి ఐసోబ్యూటిలీన్ వస్తుంది. ఈథర్‌లోని ఒకవైపు టెర్షియరీ అయితే ఆ వైపును ఆల్కాక్సైడ్‌గా, రెండోవైపును హాలైడ్‌గా తీసుకోవాలి, ఉదాహరణకు సోడియం టెర్షియరీ బ్యూటాక్సైడ్, మిథైల్ అయొడైడ్.

మెకానిజం రాసేటప్పుడు బాణం ఎలక్ట్రాన్ జంట దగ్గర మొదలై అది వెళ్లే చోట ఆగాలి, ప్రోటాన్ నుంచి బాణం గీయకూడదు. ఇంకో ముఖ్యమైన సంగతి: క్షార మాధ్యమంలో ప్రోటాన్ తగిలించిన ఆల్కహాల్ లాంటిది మధ్యలో రాకూడదు, ఆమ్ల మాధ్యమంలో ఆల్కాక్సైడ్ రాకూడదు. రెండూ ఒకే మెకానిజంలో కనబడితే ఎక్కడో తప్పు జరిగినట్టే. ఎస్టర్‌ను సోడియం హైడ్రాక్సైడ్‌తో విడగొడితే చర్య ఎందుకు వెనక్కి రాదంటారు? చివర 4.8 ఉన్న ఆమ్లం పక్కన 16 వాలే ఆల్కాక్సైడ్ ఉంటుంది, అవి ఊరుకోవు, స్థిరాంకం 10 మీద 11. ఆమ్లంతో చేస్తే ఆ ఆఖరి స్టెప్ ఉండదు, అందుకే అక్కడ రెండువైపులా బాణాలు వేస్తాం.

పదార్థాన్ని కనుక్కోమంటే

ఈ రకం ప్రశ్నలకు మొదటి అడుగు అసంతృప్తత (డబుల్ బాండ్లు, వలయాలు ఎన్ని ఉన్నాయన్న) లెక్క: కార్బన్ల సంఖ్యను రెట్టింపు చేసి 2 కలిపి, హైడ్రోజన్లు తీసేసి, సగం చేయండి, ఆక్సిజన్‌ను వదిలేయండి. ఐదు కార్బన్లు, పది హైడ్రోజన్లు, ఒక ఆక్సిజన్ అంటే (12 − 10) ÷ 2 = 1. ఒక డబుల్ బాండ్ లేదా ఒక వలయం. 2,4-డీఎన్‌పీతో నారింజ రంగు అవక్షేపం వచ్చిందన్నారు, అయితే కార్బొనిల్, ఉన్న ఒక్క అసంతృప్తత దానికే సరిపోయింది. టోలెన్స్‌తో వెండి అద్దం రాలేదు, కీటోన్. అయొడోఫాం పసుపు అవక్షేపం వచ్చింది, మిథైల్ కీటోన్. ఇక్కడే 2-పెంటనోన్ అని రాసేసి తర్వాతి ప్రశ్నకు పోబుద్ధవుతుంది, కానీ 3-మిథైల్-2-బ్యూటనోన్ కూడా ఇంతవరకు అన్నిటికీ సరిపోతుంది. ఆఖరి ఆధారం ఏమిటో చదవండి: క్లెమెన్‌సన్ క్షయకరణంతో (కార్బొనిల్‌లోని ఆక్సిజన్‌ను తీసేసి CH₂గా మార్చే చర్య) 2-మిథైల్ బ్యూటేన్ వచ్చింది. కొమ్మ ఉంది, కాబట్టి రెండోదే జవాబు. ఆధారం ఇంకా మిగిలి ఉండగా జవాబు తేలిపోయిందంటే, దానితో కూడా సరిచూసుకోకుండా వదలొద్దు.

జవాబు రాశాక సరిచూడటానికి కొన్ని క్షణాలు కేటాయించండి. ఆర్గానిక్‌లో కార్బన్లు లెక్కపెట్టండి, బాణాలకు ముందు, తర్వాత మొత్తం ఆవేశం ఒకటేనా చూడండి. పీహెచ్ లెక్కలో అంకె 7కు ఏ వైపు ఉండాలో లెక్క మొదలుపెట్టకముందే మార్జిన్‌లో రాసుకోండి. పైన 50 మిల్లీలీటర్ల దగ్గర ఫ్లాస్కులో మిగిలింది అసిటేట్ ఒక్కటే కాబట్టి 7కు పైనే రావాలి. అక్కడ మీకు 5.28 వచ్చిందంటే మళ్లీ మొదట్నుంచి చేయనక్కర్లేదు, అది పీఓహెచ్, 14లోంచి తీసేయడం ఒక్కటే మిగిలింది.